యాబైకి మూడు కిలోలు

పొద్దున ఎనిమిది దాటిందంటే మీర్‌పేట్‌లోని ఆ సందులో పూలమ్మ గొంతు మోగాల్సిందే.

"రావాలమ్మా రావాలె! మండి నుంచి ఇప్పుడే దిగిన కూరగాయలు! బెండకాయ ఉంది, బీరకాయ ఉంది, లేత గోకరకాయ ఉంది..."

అప్పుడు పూలమ్మ మాత్రం ఇంటి ముందు పంపు దగ్గర కూర్చుని గిన్నెలు తోముకుంటూ ఉంటుంది. అరిచేది ఆటో మీద కట్టిన మైకు. చలికాలం చివర్లో, టమాటాలు కొనే దిక్కులేక మండిలో కుప్పలు పడి ఉన్న రోజుల్లో, ఆమె మొగుడు బాలమల్లు ఆ మాటలు ఆమె చేత చెప్పించి ఫోనులో పెట్టుకున్నాడు. అంతకుముందు ఇద్దరూ కలిసే ట్రాలీ ఆటోలో తిరిగేవాళ్ళు. అతను నడిపేవాడు, ఆమె వెనక తట్టల మధ్య కూర్చుని అరిచేది. మూడో అంతస్తు వంటింట్లో కుక్కరు కూస్తున్నా ఆ అరుపు వినబడేదని ఆడవాళ్ళు నవ్వుతూ అనేవాళ్ళు. మెడలో గడ్డ పెరుగుతోందని తెలిశాక, "ఇగ అరువకు. ఒక్కసారి చెప్పు, ఫోన్ల పెట్టుకుంట" అన్నాడు బాలమల్లు.

ఆ తర్వాత ఆపరేషన్ అయింది. గడ్డ పోయింది. గడ్డను అంటుకుని ఉన్న నరం దెబ్బతినవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది, అలాగే అయింది. ప్రాణానికి భయం లేదు గాని, నోరు తెరిస్తే ఎండిన గుమ్మడికాయను నేల మీద ఈడ్చినట్టు ఒక బొంగురు శబ్దం బయటికి వస్తుంది. కసరత్తులు చెయ్యాలని, మాట్లాడుతూ ఉంటేనే దారిలో పడుతుందని డాక్టరమ్మ చెప్పి పంపింది. ఇంటికి వచ్చిన వారంలోనే పూలమ్మ చెల్లెలు ఫోను చేసింది. పూలమ్మ "హలో" అనగానే అవతల నుంచి, "ఎవరు మాట్లాడేది అన్నా? మా బావకియ్యి" అంది. పూలమ్మ ఫోను మొగుడి చేతిలో పెట్టి వంటింట్లోకి పోయింది.

అప్పటి నుంచి ఆమె మాట మానేసింది. కూతుర్ని పిలవాలంటే చప్పట్లు కొడుతుంది. అన్నానికి పిలవాలంటే పళ్ళెం అంచు మీద గరిటెతో తడుతుంది. వద్దంటే చెయ్యి అడ్డంగా ఊపుతుంది, చాలంటే అరచెయ్యి చూపిస్తుంది. ఇంట్లో ముగ్గురికీ అది అలవాటైపోయింది.

ఇప్పుడు వానలు పడ్డాయి. తోటలు మునిగాయో, లారీలు రావడం లేదో, టమాటా కిలో వంద దాకా ఎక్కి కూర్చుంది. మైకులో పూలమ్మ మాత్రం ఇంకా, "టమాటా యాబైకి మూడు కిలోలు, యాబైకి మూడు కిలోలు!" అనే అరుస్తోంది.

అరవనివ్వకుండా చూసుకునేవాడు బాలమల్లు. హ్యాండిలుకు రబ్బరుతో బిగించిన ఫోను మీద బొటనవేలు ఆనించుకుని, ఒంటి చేత్తో బండి నడిపేవాడు. గోకరకాయ మాట అయిపోయి "టమా" అనగానే వేలు నొక్కేవాడు. గొంతు టక్కున తెగిపోయేది. మళ్ళీ మొదటి నుంచి, "రావాలమ్మా రావాలె!" పూలమ్మ గిన్నెలు తోముతూనే అది వినేది. రోజుకు ఎన్నిసార్లు ఆ వేలు అలా నొక్కుతుందో అనుకునేది.

"నేను చెప్త నాయినా. రెండు నిమిషాల పని" అంది ఒకరోజు కూతురు శ్రీకళ. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో పనిచేస్తుంది ఆ పిల్ల. రోజంతా మాట్లాడే ఉద్యోగం.

"ఇప్పుడెందుకు బిడ్డా. మల్ల చూద్దాం."

"అందరు రోజు మారుస్తరు గద. జానయ్య కాక అయితే మండిలనే, సరుకెత్తుకునేటప్పుడే చెప్పుకుంటడు."

"చూద్దామన్న గద" అని బాలమల్లు చెప్పులేసుకుని బయటికి పోయాడు.

పూలమ్మకు దాని అర్థం తెలిసినట్టే అనిపించింది. మంచి గొంతు అదే మరి. మాట్లాడిన ఆ వారం రోజులూ ఈ గొంతు చెవిన పడితే మనిషి మొహం తిప్పుకునేవాడు, ఆ పాతది మాత్రం వదలడు.

బుధవారం నాడు బాలమల్లు మధ్యాహ్నం కాకముందే ఇంటికి వచ్చేశాడు. టమాటా బాక్సులు రెండూ ఖాళీగా ఉన్నాయి. ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు మాత్రం పొద్దున సర్దినవి సర్దినట్టే ఉన్నాయి. రేటు మండుతున్న టమాటా అంతా పోయి, రోజూ పోయే ఆలుగడ్డ మిగలడం పూలమ్మకు వింతగా తోచింది. ఆమె ఖాళీ బాక్సు వైపు చెయ్యి చూపించి కనుబొమలెత్తింది.

"అమ్ముడువోయినయి" అన్నాడతను, చెంబుతో నీళ్ళు మొహాన కొట్టుకుంటూ.

అన్నం పెడితే రెండు ముద్దలు తిని పళ్ళెంలోనే చెయ్యి కడుక్కున్నాడు. ఆమె పళ్ళెం అంచు మీద తట్టింది, ఏమైందన్నట్టు.

"ఏం లే. ఎండకు తల నొస్తున్నది" అన్నాడు. బయట ఎండ లేదు. పొద్దుటి నుంచి ముసురుగా ఉంది.

మర్నాడు అతను మండి నుంచి టమాటా లేకుండా వచ్చాడు. "ఇయ్యాల ఎత్తలే. ఎవ్వలు కొంటరు గంత రేటుకు" అని తనలో తను చెప్పుకున్నట్టు అన్నాడు. ఆ రోజు మైకు మోగలేదు. ఆటో చప్పుడు ఒక్కటే సందు చివరి దాకా వెళ్ళి ఆగిపోయింది.

సాయంత్రం శ్రీకళ వస్తూనే బ్యాగు మంచం మీద పడేసి, తల్లిని గోడ పక్కకు లాక్కుపోయింది. "అమ్మా, షాపుల మా మేడం చూపించింది. వాళ్ళ కాలనీ గ్రూపులొచ్చిందట. గీయన మీ నాయిన గద అని అడిగింది. నాకు తలెత్త రాలే."

ఫోనులో కర్మన్‌ఘాట్ దాటాక ఉన్న పెద్ద కాలనీ కనిపించింది. గేటు, వేపచెట్టు, దాని కింద తమ ఆటో. ఆటో చుట్టూ పది పన్నెండు మంది. లుంగీ మీద చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన చెయ్యెత్తి మాట్లాడుతున్నాడు.

"మైకులో ఒక రేటు, చేతిలో ఒక రేటు! యాభైకి మూడు కిలోలని అరిపిస్తావు, కిందకి దిగొస్తే కిలో వంద అంటావు. ఇది మోసం కాదా?"

"పాత రికార్డు సార్ అది. రోజు బంద్ జేస్తుంటి. ఇయ్యాల మలుపు కాడ స్కూలు బస్సు అడ్డమొచ్చింది, వేలు దప్పింది."

"పాతదైతే ఎందుకు పెట్టుకున్నావయ్యా? తీసెయ్. ఇప్పుడే, మా కళ్ళ ముందే తీసెయ్. లేదంటే మైకులో చెప్పిన రేటుకే ఇవ్వు. రెండిట్లో ఒకటి."

"ఒకటే నొక్కు నాన్నా, పోతది" అని ఎవరో పక్క నుంచి నవ్వారు.

బాలమల్లు ఫోను చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని చూస్తూ నిలబడ్డాడు. వీడియో తీస్తున్నవాళ్ళు దగ్గరికి జరిగినట్టున్నారు, అతని మొహం పెద్దదైంది. చెమటో వానో చెంపల మీద మెరుస్తోంది. తరవాత అతను ఫోను చొక్కా జేబులో వేసుకుని, కాంటా దగ్గరికి పోయి, తట్టలో టమాటాలు పోశాడు. "పట్టుండ్రి సంచులు" అన్నాడు. ఒకరి తర్వాత ఒకరికి, మూడేసి కిలోలు, యాబైకి. తూకం జోకడం మాత్రం ఎప్పటిలాగే, ముల్లు కాస్త మొగ్గేదాకా ఒక కాయ పైన వేసి మరీ జోకుతున్నాడు.

అక్కడితో వీడియో అయిపోయింది.

"ఒక్క బటన్ నొక్కితె అయిపోవు" అంది శ్రీకళ కళ్ళు తుడుచుకుంటూ. "రెండు బాక్సులు పోసిండు. ఎందుకమ్మా గంత మొండి?"

"మల్ల పెట్టు" అంది పూలమ్మ.

శ్రీకళ ఉలిక్కిపడి తల్లి మొహంలోకి చూసింది. ఎన్ని నెలలయిందో ఆ నోటి నుంచి మాట విని. పూలమ్మ ఆ చూపు పట్టించుకోలేదు. వీడియో మళ్ళీ చూసింది. ఫోను చేతిలో పట్టుకుని అతను నిలబడ్డ చోటికి రాగానే వేలితో ఆపి, చాలాసేపు ఆ మొహమే చూసింది. తిప్పుకున్న మొహం కాదది.

బాలమల్లు వచ్చేసరికి ఆమె వాకిట్లోనే ఉంది. అతను బండి ఆపి దిగుతుంటే, "రేపు టమాటా ఎత్తుకురా" అంది.

అతని కాలు కిందికీ పైకీ కాకుండా మెట్టు మీదే ఆగింది. "ఏమన్నవ్?"

"ఒక్క బాక్సు. నేను గూడ వస్త బండి మీద."

"డాక్టరమ్మ అరువద్దన్నది పూలా."

"అరువను. మైకుంది గద."

లోపల నుంచి శ్రీకళ వచ్చి తండ్రి చేతిలోని సంచి అందుకుంది. ఆ రాత్రి ఎవరూ వీడియో మాటెత్తలేదు.

మర్నాడు పూలమ్మ ఆటో వెనక ఎక్కి, తన పాత చోటు చూసుకుంది. ఉల్లిగడ్డ బస్తాకూ ఆకుకూరల తట్టకూ మధ్య ఒక మనిషి పట్టే చోటు. అక్కడిప్పుడు ఖాళీ బాక్సులు పేర్చి ఉన్నాయి. వాటిని పక్కకు నెట్టింది. మైకు డబ్బాతో పాటు వచ్చిన చేతిమైకు సీటు కింద సంచిలో ఏనాటి నుంచో పడి ఉంటే, దాన్ని బయటికి తీసి చీర కొంగుతో తుడిచింది. బెండకాయలు ఒక వైపు తిప్పి పేర్చింది. కొత్తిమీర కట్టల మీద నీళ్ళు చల్లి తడిబట్ట కప్పింది. చేతులు ఆ పని మర్చిపోలేదు.

కాలనీ గేటు దగ్గర బాలమల్లు బండి నెమ్మది చేశాడు. "ఈడ వద్దు, ముందు గల్లీకి పోదాం" అన్నాడు.

"ఈడనే ఆపు."

వేపచెట్టు కింద ఆటో ఆగింది. పూలమ్మ చేతిమైకు నోటి దగ్గర పెట్టుకుంది. "రావాలమ్మా" అంది. డబ్బాలోంచి వచ్చిన శబ్దం ఆమెకే కొత్తగా ఉంది. గరగరమని మొదలై మధ్యలో విరిగింది. రెండో అంతస్తులో బట్టలారేస్తున్న ఒకామె తొంగి చూసి, ఎవరో కొత్తవాళ్ళనుకుని లోపలికి పోయింది. రోజూ గేటు దగ్గర ముందుగా కనిపించే ఆడవాళ్ళెవరూ రాలేదు. వాళ్ళు వినే గొంతు ఇది కాదు మరి.

కొంతసేపు చూసి బాలమల్లు చెయ్యి ఫోను మీదికి పోయింది. "ఒక్కసారి పాతది పెడ్త. వాళ్ళు దిగినంక..."

పూలమ్మ తట్టల మీదుగా వంగి ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది.

ఈసారి ఆమె పిలవలేదు. పక్కింటి మనిషితో మాట్లాడినట్టు మైకులో మామూలుగా చెప్పుకుంటూ పోయింది. "బెండకాయ అర్ధకిలో ముప్పై. బీరకాయ మొన్నటి కంటె పది తగ్గింది, లేతగున్నది. పచ్చిమిర్చి ప్రియమే, జర తక్కువ కొనుక్కోండ్రి. టమాటా కిలో తొంబై. నిన్న వంద, ఇయ్యాల తొంబై. ఉన్నరేటే చెప్తున్న."

గొంతు చిన్నది. దాన్ని పెద్దది చేసే పని డబ్బా చూసుకుంది. ఒక కిటికీ తెరుచుకుంది. "టమాటా ఎంతన్నవూ?" అని ఎవరో అరిచారు. "తొంబై" అంది. "అమ్మో" అని కిటికీ మూసుకుంది గాని, కాసేపటికి ఆమే బుట్ట పట్టుకుని కిందికి వచ్చింది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు.

ఆ తర్వాత లుంగీ పెద్దాయన వచ్చాడు. ఆయన పేరు బాపిరాజు అని పక్కనున్నామె పలకరిస్తే తెలిసింది. చేతిలో గుడ్డ సంచి ఉంది. ఆయన భార్య ఇందిరాదేవి రెండడుగులు వెనక నడుస్తోంది. బాలమల్లు కాంటా సర్దే నెపంతో అటు తిరిగాడు. బాపిరాజు కూడా అతని వైపు చూడకుండా, టమాటాల మీద చెయ్యి వేసి, "మైకు మార్చారా?" అన్నాడు.

"మార్చలే సార్. గదే మైకు" అంది పూలమ్మ. "చెప్పే మనిషి గూడ గదే."

ఇందిరాదేవి ఆమె వైపు పరకాయించి చూసింది. మెడకు చుట్టుకున్న కొంగు జరిగి, కింద ఆపరేషన్ కోత గీత కనబడుతోంది. "ఆ గొంతు నీదా అమ్మా? చివరి వీధి దాకా వినబడేలా అరిచేది?"

"నాదేనమ్మా. గడ్డ తీసిండ్రు. దాంతో పాటే పోయింది."

బాపిరాజు చేతిలో ఒక కాయ ఉంది. దాన్ని తిప్పి తిప్పి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత బాలమల్లు వైపు తిరిగి, "ఆ మాట ఆ రోజే చెప్పొచ్చు కదయ్యా. తీసెయ్యమన్నాను, అదెవరిదో నాకేం తెలుసు?" అన్నాడు.

"మీరన్నదాంట్ల తప్పేముంది సార్. ఒక రేటు చెప్పి ఒక రేటడిగితె ఎవ్వలకైనా కోపమొస్తది."

"కోపం కాదయ్యా." ఆయన మాట కోసం వెతుక్కున్నాడు. "నేను రిటైరైన కొత్తలో ఒక్క నోటుకు ఈ సంచి నిండా కూరలు తెచ్చేవాణ్ణి, రెండు చేతులా మొయ్యాల్సొచ్చేది. సంచి అదే, నోటు అదే, ఇప్పుడు కూరలు అడుగునే ఉంటున్నాయి. మొన్న మైకులో యాభైకి మూడు కిలోలని వినబడేసరికి... నవ్వకండి, నిజంగానే తగ్గిందేమో అనుకుని చెప్పులు కూడా లేకుండా దిగొచ్చేశాను. వస్తే వంద అన్నాడు. ఆ ఉక్రోషం ఇతని మీద పోయింది."

"ఈయన దిగడం నేను చూశాను" అంది ఇందిరాదేవి నెమ్మదిగా. "పండక్కి పిలుపొచ్చినట్టు దిగారు."

ఎవరూ నవ్వలేదు. బాలమల్లు తట్ట ఆయన ముందుకు జరిపాడు.

"ఇవాళ తొంభైయ్యా?" అన్నాడు బాపిరాజు. "ఎక్కువేనమ్మా."

"ఎక్కువే సార్" అంది పూలమ్మ.

"అర్ధకిలో ఇవ్వు."

"పావుకిలో చాలు సార్. రెండ్రోజులాగితె ఇంకా దిగుతదంటున్నరు మండిల. అప్పటిదాక పప్పుల చుక్కకూర ఏసుకోండ్రి, పులుపుకు పులుపు. కట్ట పదే." ఆమె ఆకుకూరల తట్ట మీది తడిబట్ట తీసింది. కొనేవాడికి తక్కువే చాలని చెబుతున్న పెళ్ళాన్ని బాలమల్లు తెల్లబోయి చూస్తున్నాడు. ఇందిరాదేవి రెండు కట్టలు తీసుకుని వాసన చూసింది. "మా అమ్మ చింతచిగురుతో చేసేది ఇలాగే" అని మొదలుపెట్టి, చెట్టు కింద నిలబడి చాలాసేపు మాట్లాడింది. పూలమ్మ బొంగురు గొంతుతోనే అడిగినదానికి జవాబు చెబుతూ వచ్చింది. మధ్యలో గొంతు తెగితే ఆగింది. ఆగినప్పుడు ఇందిరాదేవి కూడా ఆగింది.

బాపిరాజు పావుకిలో కాంటాలో వేయించుకున్నాడు. బాలమల్లు ముల్లు మొగ్గాక ఒక కాయ పైన వేశాడు. ఆయన ఆ కాయ తీసి తట్టలో పెట్టేసి, "సరిగ్గా ఉంటే చాలయ్యా" అన్నాడు.

ఇంకో నాలుగు వీధులు తిరిగారు. పొద్దెక్కే కొద్దీ టమాటాలు మెత్తబడుతుంటే బాలమల్లు వెనక్కి తిరిగి, "ఎనభై చెప్పు" అనేవాడు. పూలమ్మ మైకులో ఎనభై అనేది. మరో వీధి మలుపులో ఆమే అడక్కుండా డెబ్బై చేసింది. చివరి కాయలు, మిగిలిన ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు, కూరలన్నీ కలిపి హాస్టలు నడుపుకునే ఒకామె బేరమాడి తీసుకుపోయింది. డబ్బు పెద్దగా మిగిలిందేమీ లేదు గాని, పోయిందీ లేదు.

ఇంటికి తిరిగి వస్తుంటే పూలమ్మ ముందు సీటులో అతని పక్కన ఇరుక్కుని కూర్చుంది. సాగర్ రింగ్ రోడ్డు సిగ్నల్ దగ్గర బండి ఆగింది.

"గాయన తీసెయ్యమన్నప్పుడు తీసేస్తె అయిపోవు గద" అంది ఆమె. "రెండు బాక్సులు ఊకెనే పోసొచ్చినవ్. గది గంత మంచి గొంతా?"

బాలమల్లు ఎదురుగా ఉన్న బస్సు వెనక భాగాన్నే చూస్తున్నాడు.

"ఇంట్ల ఒక్క మాటన్న మాట్లాడకపోతివి" అన్నాడు. "ఇంకెక్కడ ఇనాలె నిన్ను?"

పూలమ్మ కొంగు మెడ మీదికి జరుపుకుంది. "గిది బొంగురు గొంతు గద" అంది.

"బాగలేదని నేనెప్పుడన్న అన్ననా?"

అనలేదు. ఎప్పుడూ అనలేదు. అన్నాడని ఆమే అనుకుంటూ వచ్చింది, ఇన్ని నెలలూ. పచ్చలైటు పడింది. వెనక బండ్లు హారన్లు మొదలుపెట్టాయి. బాలమల్లు గేరు మార్చాడు.

పూలమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. పంపు నీళ్ళు రెండు రోజుల నుంచి ఎర్రగా వస్తున్నాయని చెప్పింది. శ్రీకళ షాపు నుంచి వచ్చాక ఎవరితోనో ఫోనులో నవ్వుతోందని, అడిగితే చెప్పడం లేదని చెప్పింది. చెల్లెలికి సాయంత్రం తనే ఫోను చేస్తానని, గుర్తుపట్టకపోతే తిడతానని చెప్పింది. గొంతు అలసి కీచుమన్నప్పుడు నీళ్ళ సీసా అందుకుని ఒక గుటక తాగి మళ్ళీ అందుకునేది. అతను ఊ కొడుతూ బండి నడుపుతున్నాడు.

తమ సందు మలుపు వచ్చింది. బాలమల్లు తిప్పలేదు, ఆటో నేరుగా ముందుకు పోయింది.

"ఎటు వోతున్నవ్? ఇల్లు దాటింది."

"ఇంకో గల్లీ ఉంది గద" అన్నాడు.

పూలమ్మ వెనక్కి తిరిగి చూసింది. బండిలో వాడిపోయిన కొత్తిమీర కట్టలు రెండు తప్ప అమ్మడానికి ఏమీ లేవు. ఆమె ముందుకు తిరిగి సర్దుకుని కూర్చుంది.

"మొన్న ఏమయిందో తెల్సా..." అంది.